ద్యాత్లోవ్ కనుమ దుర్ఘటన: గుడార పరిత్యాగమును గూర్చిన వాదములు

1959 ఫిబ్రవరి 1వ తేదీ రాత్రి, ఉత్తర ఉరాల్ పర్వతములలో ఖొలాత్ స్యాఖిల్ అను గిరి తూర్పు వాలుపై డేరా వేసికొనిన తొమ్మండుగురు యాత్రికులు, ఆ డేరాను తామే లోపలినుండి కోసికొని వెలికివచ్చి, పెక్కురు బూట్లును పైబట్టలును లేకయే గడ్డకట్టు గాలిలో కొండ దిగిపోయి, ఒక్కరును మిగులక మరణించిన వృత్తాంతమునకు ద్యాత్లోవ్ కనుమ దుర్ఘటన యని పేరు. ఆ బృందమునకు నాయకుడై, 23 ఏండ్ల ప్రాయమున అచ్చటనే మరణించిన ఇగోర్ ద్యాత్లోవ్ పేరనే ఆ కనుమ నేడును వ్యవహరింపబడుచున్నది. ఆరు దశాబ్దములకు పైబడిన కాలములో ఈ మరణములకు కారణములుగ చెప్పబడిన వాదములు డెబ్బదికి మించినవి. వానిలో పెక్కింటి దృష్టి, వారు డేరాను ఏల విడిచిరి యను ప్రశ్నపైననే నిలిచిపోయినది. విడిచినవారు తిరిగి డేరాకు ఏల రాజాలకపోయిరి యను రెండవ ప్రశ్నను అంత శ్రద్ధతో పట్టించుకొనినవారు అల్పసంఖ్యాకులు. ప్రాణములు పోయినది డేరాలో గాక డేరాకు దూరమున గనుక, ఈ రెండవ ప్రశ్నయే గొప్పదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

హైదరాబాదు ఉత్తరపు పొలిమేరలయందలి మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో, పుష్యమాసపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగినచో గొంగళ్లు కప్పుకొని నెగళ్ల చుట్టు చేరు జనమునకు, సున్నకు ఇరువదియైదు డిగ్రీలు దిగువనుండు శీతము సులభముగ ఊహకందునది కాదు. అయినను ఈ విషయము మనకు పరాయిది కాదు. నెల్లూరు జిల్లాలో పుట్టి, 2006లో 172 దినములలో ఏడు ఖండముల అత్యున్నత శిఖరముల నధిరోహించిన మల్లి మస్తాన్ బాబు, 2015 మార్చి 24న ఆండీస్ పర్వతములలో ఒంటరిగ ఒక శిఖరమునకు బయలుదేరి తిరిగిరాక, ఏప్రిల్ తొలి దినములలో నిర్జీవుడై కనబడిన సంగతి తెలుగువారు మరచినది కాదు. భువనగిరి బండపై శిలారోహణము నేర్చిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అను సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు 2014 మే 25న ఎవరెస్టు నెక్కిన పిమ్మట, మన పట్టణములనుండి శీతకాలమున హిమాలయములకు పోవు యువజనులకు కొదవ లేదు. వారును, వారిని పంపించి ఎదురుచూచు తల్లిదండ్రులును ఎరుగవలసిన విషయము ఇది.

యాత్ర

స్వెర్ద్లోవ్స్క్ నగరమునందలి ఉరాల్ పాలిటెక్నిక్ సంస్థ విద్యార్థులును, అచ్చట చదివి ఉద్యోగములలో చేరిన యువకులును కూడిన ఈ బృందములో ఆదియందు పదుగు రుండిరి. జినయీదా కోల్మొగోరొవా, ల్యూద్మిలా దుబీనినా అను ఇరువురు యువతులు, రుస్తెమ్ స్లొబోదిన్, యూరీ దొరొషెంకో, గియోర్గీ క్రివొనిశ్చెంకో, నికొలాయ్ తిబో-బ్రిన్యోల్, అలెక్సాందర్ కొలెవాతొవ్ అనువారు ద్యాత్లోవ్‌తో కూడ ఇంచుమించు సమవయస్కులు. రెండవ ప్రపంచ యుద్ధమున పోరాడివచ్చిన సెమ్యోన్ జొలొతర్యోవ్ ఒక్కడే పెద్దవాడు. అతనికి ఫిబ్రవరి 2న 38 ఏండ్లు నిండవలసియుండెను. పదవవాడగు యూరీ యూదిన్ నడుము నొప్పిచే బాధపడుచు జనవరి 28న వెనుదిరిగి, తన మిత్రుల మరణమునకు సమాధానము దొరకకయే 2013లో కన్నుమూసెను.

వీరు రైలులో ఈవ్దెల్ చేరి, అటనుండి లారీమీద విజాయ్ గ్రామమునకును, కలప కొట్టువారి శిబిరమునకును పోయి, అడవిదారిని స్కీలపై ఔస్పియా నది వెంబడి ఉత్తరముగ సాగిరి. ఒతొర్తెన్ అను పర్వతమునకు పోయి తిరిగివచ్చుట వారి సంకల్పము. నాటి సోవియట్ వర్గీకరణములో ఇది మిక్కిలి కఠినమైన తరగతికి చెందిన యాత్ర. ఫిబ్రవరి 1న వారు తిరుగుదారికి వలయు ఆహారమును కొంత అడవిలో దాచిపెట్టి, పొద్దు వాటారుచుండగా కనుమ వైపు ఎక్కి, చెట్టుచేమ లేని బయలు వాలుపై మంచును చదును చేసి డేరా వేసిరి. వారి కెమెరాలలో దొరకిన కడపటి ఛాయాచిత్రములలో ఒకదానిలో, ఎగయుచున్న మంచు తెరల నడుమ ముఖములు గుర్తింపరాని మనుష్యులు నడుములు వంచి వాలును త్రవ్వుచుండుట కానవచ్చును. ద్యాత్లోవ్ స్వయముగ రూపకల్పన చేసిన చిన్న పొయ్యి వారివెంట నుండెను గాని, ఆ రాత్రి దానిని బిగించలేదు. అడవి ఒకటిన్నర కిలోమీటరు దిగువన ఉండగా బయలున విడిసియుండుటకు, ఎక్కిన ఎత్తును పోగొట్టుకొనుటకు ద్యాత్లోవ్ ఇష్టపడకపోవుటయో, పర్వతపు వాలుపై విడిది చేయు అభ్యాసమును కోరుటయో కారణమై యుండునని యూదిన్ తరువాతి కాలమున అభిప్రాయపడెను.

కానవచ్చిన సాక్ష్యములు

ఫిబ్రవరి 12న విజాయ్ నుండి తంతి యంపుదుమని చెప్పిపోయినవారి జాడ తెలియక, బంధువుల ఒత్తిడిపై 20వ తేదీన అన్వేషణము మొదలయ్యెను. 26న మిఖయీల్ షరావిన్, బొరీస్ స్లొబ్ త్సోవ్ అను విద్యార్థులు సగము మంచులో కూరుకొనియున్న డేరాను కనుగొనిరి. రెండు డేరాలను కలిపి కుట్టిన ఆ పొడవాటి గుడ్డయింటిలో బూట్లు, కోట్లు, గొడ్డళ్లు, ఆహారము, డబ్బు, దినచర్య పుస్తకములు వేనికవి ఉండెను. ‘ఒతొర్తెన్ సాయంకాలపత్రిక’ యని పేరిడి ఆ బృందము వినోదార్థము వ్రాసికొనిన గోడపత్రిక యొకటి ఫిబ్రవరి 1 తేదీతో దొరకెను. గుడ్డపైనున్న కోతలు లోపలినుండి పడినవని నిపుణ పరీక్షలో తేలెను. డేరానుండి దిగువకు ఎనమండుగురివో తొమ్మండుగురివో అడుగుజాడలు సుమారు 500 మీటర్ల వఱకు కనబడినవి. కొన్ని మేజోళ్లతో, కొన్ని వట్టి పాదములతో, ఒకటి రెండు ఉన్నిబూట్లతో పడిన ఆ జాడలు పరుగెత్తినవారివి కావు, నడచినవారివి. వారిలో ఎవరి నెవరు మోసికొనిపోయినట్లును, ఈడ్చికొనిపోయినట్లును జాడ లేదు. అన్యుల అడుగులును లేవు.

ఒకటిన్నర కిలోమీటరు దిగువన అడవి యంచున ఒక పెద్ద సైబీరియా పైన్ వృక్షము క్రింద చల్లారిన నెగడును, దాని చెంత లోదుస్తులు మాత్రమే మిగిలిన దొరొషెంకో, క్రివొనిశ్చెంకోల శరీరములును 27న దొరకెను. ఆ చెట్టు కొమ్మలు అయిదు మీటర్ల ఎత్తు వఱకు విరిగియుండెను. ఆ ఇరువురి దేహములపై కాలిన గాయములు కలవు. స్పర్శ యుడిగిన కాలు సేతులను నిప్పునకు ఆనించి, కాలుట తెలియని దశ అది. చెట్టునకును డేరాకును నడుమ, డేరా వైపునకు సాగుచున్న తీరుననే, ద్యాత్లోవ్ 300 మీటర్ల దూరమునను, స్లొబోదిన్ 480 మీటర్ల దూరమునను, కోల్మొగోరొవా 630 మీటర్ల దూరమునను పడియుండిరి. ఈ మువ్వురును వెనుకకు పోవుటకు ప్రయత్నించిరనుటలో సందేహింపదగినది లేదు.

తక్కిన నలుగురు మే నెల మొదటి వారమున, మంచు కరగనారంభించిన తరువాతనే, ఆ పైన్ వృక్షమునకు 75 మీటర్ల దూరమున ఒక వాగు పల్లమున అనేక మీటర్ల మంచు క్రింద కానవచ్చిరి. అక్కడ చిన్న చిన్న చెట్ల కొమ్మలు నరికి పరచిన పడకయొకటి ఉండెను. దానిపై నాలుగు చోట్ల కూర్చుండుటకు అనువుగ వస్త్రఖండములు వేసియుండెను. మరణించిన మిత్రుల దుస్తులను కోసి తీసికొని బ్రతికియున్నవారు ధరించిరి. క్రివొనిశ్చెంకో దుస్తుల పీలిక దుబీనినా కాలికి చుట్టియుండెను. తిబో-బ్రిన్యోల్ కపాలము పగిలియుండెను. దుబీనినాకును జొలొతర్యోవ్‌నకును ప్రక్కటెముకలు పలుచోట్ల విరిగియుండెను గాని పైచర్మమున తగినంత గాయము లేదు. ఈ దెబ్బలు మోటారు ప్రమాదమున తగులు దెబ్బల వంటివని శవపరీక్ష చేసిన వైద్యుడు బొరీస్ వొజ్రొజ్దేన్నీ చెప్పెను. దుబీనినాకు నాలుకయు కన్నులును, జొలొతర్యోవ్‌నకు కన్నులును లేకపోవుటయే తరువాతి కాలమున భయానక కథలకు మూలమయ్యెను. పారు నీటిలో మూడు మాసములు పడియున్న దేహమున మెత్తని అంగములు ముందుగ నశించుట సహజమని ఎరిగినవారికి అందులో వింత లేదు.

విచారణాధికారి లెవ్ ఇవానొవ్ మే 28న వ్యవహారమును మూసివేయుచు, యాత్రికులు జయింపజాలని ప్రకృతిశక్తియే వారి మరణమునకు కారణమని వ్రాసెను. ఆ శక్తి యేదో చెప్పలేదు. చెప్పకుండుటవలననే ఇన్ని వాదములు పుట్టినవి.

మనుష్యులను దోషులుగ చేయు వాదములు

తొలుత అనుమానము ఆ అడవులలో ధ్రువపు దుప్పులను పెంచుచు వేటాడుచు బ్రతుకు మాన్సీ జాతివారిపై పడెను. యాత్రికులు వారి పవిత్రస్థలమును త్రొక్కినందున చంపిరని ఒక మాట పుట్టినది. కొందరిని పిలిచి ప్రశ్నించినను ఆధారము దొరకలేదు. నిజమునకు మాన్సీలు అన్వేషణమున తోడుపడినవారు. నిరపరాధులగు ఒక చిన్న జాతిపై ఈ నింద నేటికిని కొన్ని పుస్తకములలో నిలిచియుండుట అన్యాయము. ఈవ్దెల్ ప్రాంతపు కారాగార శిబిరములనుండి పారిపోయినవారు చంపిరనుటకు, ఆ దినములలో పారిపోయినవారి జాడయు లేదు. డేరాలోని డబ్బును ఆహారమును ముట్టినవారును లేరు. బృందములో కొందరు గూఢచారులనియు, విదేశీయులను కలియుటకు పోయి వారిచే హతులైరనియు చెప్పు వాదము నవలకు తగినంత రసవత్తరముగ నున్నది. మంచుపై మూడవ పక్షమువారి అడుగులు లేవను ఒక్క సంగతి ఈ మూడింటికిని ప్రత్యుత్తరము.

సైనిక ప్రయోగమేదో వారిని చంపెనను వాదమునకు రెండు ఆధారములు చూపుదురు. మొదటిది, కొన్ని వస్త్రములపై కనబడిన రేడియోధార్మికత. క్రివొనిశ్చెంకో 1957లో ఘోరమైన అణుప్రమాదము సంభవించిన మయాక్ కర్మాగారమున పనిచేసినవాడనియు, కొలెవాతొవ్ కూడ మాస్కోలో ఒక రహస్య పరిశోధనాలయమున పనిచేసినవాడనియు తెలిసినచో, ఆ ధూళి వస్త్రములకు ఎట్లు అంటినదో వెదకుటకు ఆకాశమువైపు చూడనక్కరలేదు. రెండవది, ఆ ప్రాంతపు ఆకాశమున కానవచ్చిన అగ్నిగోళములు. ఇవానొవ్ స్వయముగ 1990లో ఒక పత్రికలో, పైవారి యొత్తిడిచే తాను ఈ సంగతిని ఆనాడు విడిచిపెట్టితినని వ్రాయుటతో ఈ వాదమునకు గొప్ప బలము చేకూరెను. కాని ఆ గోళములను గూర్చిన ప్రధాన సాక్ష్యములు ఫిబ్రవరి 17, మార్చి 31 తేదీలకు సంబంధించినవి. అప్పటికి యాత్రికులు మరణించి వారములు గడచెను. రాకెట్టు ప్రయోగములు ఆ కాంతులకు కారణము కావచ్చును గాని, జరిగిపోయిన మరణములకు కాజాలవు.

గాలిని కారణముగ చెప్పు వాదములు

గుండ్రని గిరిశిఖరము నొరసికొని పోవు గాలి సుడులు సుడులుగ చీలి, చెవికి వినబడని మంద్రధ్వని పుట్టించి, మనుష్యుల మనస్సులలో కారణము లేని భీతిని కల్పించెనని అమెరికా రచయిత డానీ ఐకర్ 2013లో ప్రతిపాదించెను. ధ్వనిచే భీతి కలుగు నను సంగతి ప్రయోగములలో దృఢముగ స్థిరపడలేదు. భీతిచే పరుగెత్తినవారి జాడలు నడక జాడలుగ నుండుటయు ఈ వాదమునకు అనుకూలము కాదు.

ఎత్తున చల్లబడి బరువెక్కిన గాలి, కట్ట తెగిన నీటివలె, వాలున హఠాత్తుగ దొరలి పడుట మరియొక వాదము. స్వీడన్‌లోని అనారిస్ కొండలలో 1978 ఫిబ్రవరిలో ఇట్టి గాలిలో చిక్కిన తొమ్మండుగురిలో ఎనమండుగురు మరణించుటచే ఈ వాదమునకు ఒక దృష్టాంతము కలదు. అట్టి గాలిలో డేరా చినిగిపోవుననియు, దానిని మంచుతో కప్పి అడవికి దిగి ఆశ్రయము వెదకుట వివేకమే యగుననియు దీని సమర్థకులు చెప్పుదురు. అయినను, డేరాను కాపాడుకొన దలచినవారు దానిని లోపలినుండి ఏల కోసిరన్న ప్రశ్న మిగులును.

మంచుచరియ వాదము

ఆ కోతకు అన్నిటికన్న సహజమైన సమాధానము మంచుచరియ వాదమునందే కలదు. ద్వారము పూడిపోయినప్పుడు గుడ్డను చీల్చికొని వెలికివచ్చుట కన్న ఉపాయమేది? ఈ వాదమును మొయిసేయ్ అక్సెల్‌రొద్ మొదలగు పర్వతయాత్రికులు చిరకాలముగ చెప్పుచు వచ్చిరి. అన్వేషకులు పోయినప్పుడు చరియ పడిన జాడ కనబడకపోవుటయు, వాలు సగటున 23 డిగ్రీలే యుండుటయు, డేరా చెంత స్కీకఱ్ఱలు నిలిచియుండుటయు దీనికి అడ్డంకులు. 2019 ఫిబ్రవరిలో వ్యవహారమును తిరుగతోడిన రష్యా ప్రభుత్వ న్యాయవాదుల పక్షమున 2020 జులై 11న అంద్రేయ్ కుర్యకోవ్, చరియ పడగా యాత్రికులు వాలున దిగువనున్న రాళ్ల వరుసవఱకు తొలగిపోయి, 16 మీటర్లకు మించి కన్నుకానరాని చీకటిలో మరల డేరాను కనుగొనలేకపోయిరని ప్రకటించెను.

స్విట్జర్లాండులోని లొజాన్, జ్యూరిచ్ సాంకేతిక విద్యాసంస్థలకు చెందిన యొహాన్ గోమ్, అలెగ్జాండర్ పుజ్రిన్ 2021 జనవరిలో ప్రచురించిన పత్రము ఈ అడ్డంకులకు సమాధానము చెప్పబూనెను. వారు చెప్పిన చరియ వేలకొలది టన్నులు దొరలి లోయను పూడ్చునది కాదు. శామీర్‌పేట చుట్టుపట్ల గుట్టలపై ఎండకు వానకు వదులై, అడుగు శిలనుండి విడివడి, వాలు వెంబడి పలకలుగ ఊడు గ్రానైటును చూచినవారు దీనిని తేలికగ గ్రహింపవచ్చును: గాలి పేర్చి గట్టిపరచిన మంచు పలక, అడుగున ఇసుకవలె పొడిపొడిగ నుండు బలహీనమైన పొరపై నిలిచియుండును. డేరా కొఱకు యాత్రికులు వాలును త్రవ్వుటచే పై పలకకు దిగువనుండిన ఆధారము తొలగెను. వాలు సగటున స్వల్పమైనను డేరాకు ఎగువన 28 డిగ్రీల వఱకు ఉండెనని వారు లెక్కించిరి. శిఖరమునుండి వీచు గాలి రాత్రియంతయు కొత్త మంచును తెచ్చి ఆ పలకపై పేర్చుచుండగా, త్రవ్విన 7.5 గంటలు మొదలుకొని 13.5 గంటల లోపున అది తెగి జారగలదని గణితముచే చూపిరి. అయిదు మీటర్ల పలక చాలును. దాని జాడ మూడు వారములలో గాలికి చెరగిపోవుట వింత కాదు. అంత చిన్న పలక ప్రక్కటెముకలను విరువగలదా యని చూచుటకు, ‘ఫ్రోజెన్’ అను కార్టూను చలనచిత్రమునకై తయారైన మంచు కదలికల గణనవిధానమును, 1970లలో మోటారు కర్మాగారములవారు చేసిన ప్రమాదపరీక్షల వివరములను వారు ఉపయోగించిరి. గట్టి స్కీలపై పరచిన పక్కపై వెల్లకిల పరుండినవానిపై ఆ పలక పడినచో ఎముకలు విరుగును గాని తత్క్షణ మరణము కలుగదని తేల్చిరి. ఆ తరువాతి యాత్రలలో సమీపపు వాలులపై నిజముగనే పలకలుగ జారిన చరియల జాడలు కెమెరాలకు చిక్కినవి.

డేరా విడుచుటకు ఈ సమాధానము చాలునని ఈ వ్యాసకర్త నమ్మిక. గాయముల విషయమున మాత్రము అంగీకరించుట కష్టము. కపాలము పగిలిన తిబో-బ్రిన్యోల్, ఎముకలు విరిగిన మరి యిద్దరు, చీకటిలో, పెనుగాలిలో, ఒకటిన్నర కిలోమీటరు తమంత తాము నడిచిపోయిరనుట దుర్లభము. మోసికొనిపోయిన జాడ మంచుపై లేదు. ఆ ముగ్గురును దొరకినది వాగు పల్లమున, లోతైన మంచు క్రింద. నీరు పారి అడుగున డొల్లపడిన మంచు వారి బరువునకు కూలి, వారిపై పైపొరలన్నియు పడినచో, వెలుపలి చర్మము చెడక లోపలి ఎముకలు విరుగుట సంభవమే. కావున ఆ రాత్రి మంచు రెండుమారులు కూలెను, ఒకమారు డేరాపై, మరియొకమారు వాగులో, అని చెప్పు పక్షము సాక్ష్యములకు దగ్గరగ నున్నది.

డేరానుండి మరణమువఱకు

డేరా వెలుపలికి వచ్చినవారికి మరల పలక జారునను భయము సహజము. కూలిన గుడ్డ క్రింద, మంచు క్రింద, బూట్లను కోట్లను చేతులతో త్రవ్వి తీయుటకు గంట పట్టును. ఆ గాలిలో అంత సేపు చేతివ్రేళ్లు పనిచేయవు. అడవిలో కట్టెలు దొరకును; దిగువ కొంత ఆహారమును దాచియుంచిరి. అందరు కలిసి క్రమముగ దిగుట వారి శిక్షణకు తగినదే. ఇచ్చటనే ఆ ప్రాణాంతకమైన లెక్క తప్పెను. వాలు దిగునప్పుడు గాలి వీపున నుండును, ఎక్కునప్పుడు ముఖమున నుండును. దిగుటకు అరగంట చాలిన దారి, మేజోళ్లతో మోకాలిలోతు మంచులో ఎక్కుటకు ఎన్ని గంటలైనను చాలదు.

అయినను వారు చేసిన పనులు వరుసగ చూచినచో, భయభ్రాంతులైనవారి పనులు కానేకావు. అగ్గిపుల్ల గీచి, తడికొమ్మలతో పెనుగాలిలో నిప్పు నిలిపిరి. చెట్టెక్కి కొమ్మలు విరిచిరి. ఆ కొమ్మలు విరిగిన వైపు డేరాకు అభిముఖముగ నున్నందున, డేరా జాడను చూచుటకే ఎక్కిరని కొందరు తలచిరి. నిప్పుచెంత ఇరువురు మరణించిన పిమ్మట, వారి బట్టలను తీసి బ్రతికియున్నవారికి తొడిగిరి. గాలి తగులని వాగు పల్లమున పడక పరచిరి. మువ్వురు డేరాకు బయలుదేరిరి. శవములపై బట్టలు లేకపోవుట చూచి విపరీతములు ఊహించినవారు ఈ సంగతిని గమనింపలేదు. శీతమున మరణించువారిలో కొందరికి కడపటి దశలో ఒంట మంటలు పుట్టినట్లు తోచి, తమ బట్టలు తామే తీసివేయుట కూడ వైద్యులు ఎరిగినదే.

అతిశీతల ప్రదేశములలో డేరా వేయువారు రాత్రి నిద్రించునప్పుడు బూట్లను, చేతితొడుగులను, దీపమును, కత్తిని తలగడ చెంత ఒకే సంచిలో నుంచుకొనుటయు, బయలు వాలుపై మంచును త్రవ్వుటకు ముందు దాని పొరలను పరీక్షించుటయు నేడు హిమాలయ శిక్షణాలయములలో నేర్పబడుచున్నవి. 1959లో ఉరాల్ విద్యార్థులకు మంచు పొరల శాస్త్రము అంతగ అందుబాటులో లేదు.

గోమ్, పుజ్రిన్ తమ పత్రములోనే, డేరా విడిచిన తరువాతి సంగతులను తాము నిర్ణయింపలేదని స్పష్టముగ చెప్పిరి. మృతుల బంధుమిత్రులలో పెక్కురు, ద్యాత్లోవ్ స్మారక సంస్థను నడపినవారును, చరియ వాదమును అంగీకరింపక, ప్రభుత్వము ఏదియో దాచుచున్నదనియే ఇంకను చెప్పుచున్నారు. ఏడుగురి సమాధులు నాటి స్వెర్ద్లోవ్స్క్, నేటి యెకతెరీన్‌బుర్గ్ నగరమున మిఖయీలొవ్‌స్కొయె శ్మశానమునందును, క్రివొనిశ్చెంకో, జొలొతర్యోవ్‌ల సమాధులు అదే నగరమున ఇవానొవ్‌స్కొయె శ్మశానమునందును కలవు.